వంకర కాలువ

"కాలువ ఇలా వంకర తిరిగిందేంటి?" అంది సోర్కా.

గోతిలో ఉన్న కోల్మన్ తలెత్తలేదు. "ఆ పక్క తవ్వకూడదమ్మా. చుట్టూ తిప్పి పోనిస్తాను."

మేయో తీరంలో ఏళ్ల తరబడి పాడుపడి ఉన్న రాతి ఇల్లది. సోర్కా కొని బాగు చేయిస్తోంది. కొత్త కప్పు, పెద్ద కిటికీలు, లోపలే స్నానాలగది. ఆ గది నీళ్లు పోయే కాలువ తానే తవ్వుతానని, కూలి కూడా వద్దని, ఈ ముసలాయన పార పట్టుకుని వచ్చాడు.

"అక్కడ బంగారం గానీ దాచావా తాతా?" అన్నాడు మేస్త్రీ డెక్లన్.

కోల్మన్ నవ్వలేదు. "మాటిచ్చాను. చెప్పకూడదు."

సోర్కాకి విసుగొచ్చింది. "పైపు తిన్నగా పోవాలండీ. ఇక మీరు ఇంటికెళ్లండి. రేపు మిషన్ పెట్టిస్తాను."

ఆయన టోపీ తీసి, ఆ గడ్డినేల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మిషన్ తిన్నగా తవ్వేసింది. మట్టిలోంచి పిడికెడంత తెల్లరాళ్లు చాలా వచ్చాయి. లారీలో పోసి సముద్రం ఒడ్డున పారబోశారు.

ఇల్లు ముచ్చటగా తయారైంది.

కానీ స్నానాలగదిలో నీళ్లు వదిలితే చాలు, కిందెక్కడో ఎవరో సన్నగా ఏడ్చినట్టుండేది. డెక్లన్ పైపులన్నీ వెతికాడు. ఏ లోపమూ లేదన్నాడు.

ఆ ముసలాయన్నే అడుగుదామని ఒక మధ్యాహ్నం బయల్దేరింది సోర్కా.

కోల్మన్ తలుపుకి నల్లగుడ్డ కట్టి ఉంది. వంటింట్లో పక్కింటి ఊనా కప్పులు కడుగుతోంది.

"పొద్దున్నే ఆయన్ని పూడ్చిపెట్టి వచ్చాం అమ్మాయ్. కూర్చో, టీ తాగు."

"ఆయన ఎవరికో మాటిచ్చానన్నారు..."

ఊనా చేతులు తుడుచుకుంది.

"బాప్తిస్మం కాకుండానే చనిపోయిన పసిగుడ్లని అప్పట్లో సమాధుల తోటలోకి రానిచ్చేవాళ్లు కాదు. తండ్రులకి చేతులాడేవి కావు. కోల్మన్ కోటు కింద పెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఎక్కడికో మాకెవరికీ తెలీదు. కన్నతల్లి అడిగితే తప్ప చెప్పనని ఆ తండ్రులకి మాటిచ్చాడు. ఒక్కో బిడ్డకి ఒక్కో తెల్లరాయి పెట్టేవాడట."

సోర్కా టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"ఎవరైనా అడిగారా?"

"మొగుళ్ల ముందు ఎవరడుగుతారు? మా ఆయన పోయాక నేనడిగాను. అప్పటికే కోల్మన్ మంచం పట్టాడు. 'మంచం దిగగానే చూపిస్తా ఊనా' అన్నాడు."

ఊనా కడగడానికి మరో కప్పు అందుకుంది.

"నా పాప ఎక్కడుందో ఈ లోకంలో తెలిసిన మనిషి ఆయనొక్కడే."