ఆగిపోయిన అకార్డియన్

స్నేహితుడు కీరన్‌ను పోగొట్టుకున్న శనివారం ఉదయం టెస్సా ఒక చిన్న గెలుపు గెలిచింది.

మిషిగన్ అడవిలో ఏటా జరిగే పాటల పండుగ. చుట్టూ గుండెలదిరే బీట్. పక్క డేరాలో ఒంటరిగా దిగిన పెద్దావిడ మాత్రం తెల్లారినప్పటి నుంచి అకార్డియన్ పాటలు పెట్టింది. పెళ్ళి విందుల్లో తాతలు చిందులేసే రకం.

"బామ్మా, పెళ్ళెవరిది?" అని అరిచింది టెస్సా.

"మీదే అనుకోండి. నాకు చూపించాల్సిందేమైనా ఉంటే పట్టుకు రండి, సిగ్గుపడకండి," అందావిడ నవ్వుతూ.

"విన్నావా? మఫ్టీలో ఉన్న పోలీసు," టెస్సా గొంతు తగ్గించింది. "లేకపోతే ఈ పాటలు వినే మనిషికి ఇక్కడేం పని?"

"పాపంరా, పిలుస్తోందిగా," అన్నాడు కీరన్.

"వెళ్ళు. చెవులు తుప్పు పట్టించుకునిరా."

ఆమె కాపలావాడికి ఫిర్యాదు చేసింది. అతను వెళ్ళి పాట ఆపించాడు. పెద్దావిడ వాదించలేదు. ఇటు టెస్సా స్నేహితులంతా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం కీరన్ ఎవడో కొత్తవాడి దగ్గర ఒక మత్తు మాత్ర కొన్నాడు. కొని, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"మింగేముందు పరీక్ష చేయించుకోమన్నాడొకడు. ఆ పరీక్ష చేసే డేరాకి బోర్డుండదట, వినపడుతుందట. మైదానమంతా తిరిగా. ఏమీ వినపడలేదు."

"ఆ చెప్పినవాడు అప్పటికే మింగేసుంటాడు," టెస్సా పకపకా నవ్వింది. "ఇంతమంది వేసుకోవడం లేదూ? పదరా, మనవాళ్ళు మొదలెట్టేస్తున్నారు."

రెండో పాట ముగియకుండానే కీరన్ కూలిపోయాడు.

వైద్యుల డేరాలో నర్సు అతని ముఖం మీదికి దుప్పటి లాగింది.

"వెర్నాకి చూపించలేదా?"

"వెర్నా ఎవరు?"

"మాత్రలు పరీక్షించి, విషముంటే చెప్పే ఆవిడ. మత్తుమందులు ఒప్పుకున్నట్టవుతుందని పండుగ నడిపేవాళ్ళు బోర్డు కట్టనివ్వరు. అందుకే అకార్డియన్ పెట్టుకుంటుంది. అది వినపడే చోటికి వెళ్ళమని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెబుతారు. ఈసారి ఎందుకో వినపడలేదు. రాలేదేమో."



సాయంత్రానికి కీరన్ తల్లి కారు నడుపుకుంటూ వచ్చింది. ఆవిడ టెస్సా చేతులు రెండూ పట్టుకుంది.

"ఇంతమందిలో నా బిడ్డకి ఇది తినకురా అని చెప్పగలిగే మనిషి ఒక్కరూ లేకపోయారా, తల్లీ?"

"లేరండీ," అంది టెస్సా.

ఉన్నారని ఆ తల్లికి ఇంకా చెప్పలేదు.