జెర్రిపోతు

ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కట్టెల కుప్ప దగ్గర కోడలు కేక వేసింది. ఈనబోయే గేదెకు కాపలాగా కొట్టంలో పడుకున్న కొడుకు కర్ర పట్టుకుని పరిగెత్తాడు. ఆమె పాదాల మీదుగా జారిన పాము కట్టెల్లోకి దూరబోతోంది. గబగబా నాలుగు దెబ్బలు వేశాడు. అది చచ్చింది.

అప్పుడు టార్చి వేసి చూశారు. ఆమె చీలమండ దగ్గర రెండు చిన్న చుక్కలు, సూది గుచ్చినట్టు. ఎప్పుడు కరిచిందో తెలియనే లేదంది.

అత్త గుమ్మంలోనే కూలబడింది. రోజూ ఈ వేళకి కోడలి మీద నోరు పారేసుకునే మనిషి ఆ రోజు దేవుళ్లందరికీ మొక్కడం మొదలుపెట్టింది.

దెబ్బలకి నలిగిన పాము ఏ రకమో పోల్చుకోలేక దాన్ని యూరియా సంచిలో వేసుకుని, పెళ్లాన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని కొడుకు బయల్దేరాడు. ఆస్పత్రి దూరం. దారంతా గుంతలు. నాగుపామో, కట్లపామో అయితే సగం దారి కూడా చేరమని అతనికి తెలుసు. ఆ మాట పైకి అనలేక, మాట్లాడుతూ ఉండమన్నాడు. ఆమె గేదె గురించి మాట్లాడింది. నానబెట్టి వచ్చిన బట్టల గురించి మాట్లాడింది. కాసేపటికి పిల్ల గురించి మొదలుపెట్టింది.

"దానికి జడ మరీ బిగించి వెయ్యకండి. ఏడుస్తుంది."

అతనికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. బండి ఇంకా వేగంగా తోలాడు.

డాక్టరు సంచి విప్పి చూసి నవ్వాడు.

"జెర్రిపోతయ్యా ఇది. దీనికి విషం ఎక్కడిది? చూడు, కాలు వాయను కూడా లేదు."

ఒక ఇంజక్షన్ చేసి, ఎందుకైనా మంచిది సాయంత్రం దాకా ఉండమన్నాడు. రెండో గేదె పాలు పితకాలి, పోదాం పదండంది ఆమె. అతనూ సరేనన్నాడు.

ఇంటికి చేరేసరికి ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"పామేమో దెబ్బలకి చచ్చింది, నువ్వేమో భయానికి సగం చచ్చావు. తాగొచ్చినదానిలా ఆ మాటలేంటే?" అంది అత్త.

"కడుపులో తిప్పుతోంది అత్తయ్యా. నిద్దరొస్తోంది."

"అయితే పడుకో. పాలు నేను పితుకుతాలే."

ఆ ఇంటికి వచ్చాక ఆమె పగటిపూట పడుకోవడం అదే మొదలు. అత్త తన గదిలో, తన మంచమే ఇచ్చింది. దుప్పటి కప్పింది. వెలుతురు పడకుండా కిటికీ మూసింది. పిల్ల లేపబోతే చెయ్యి పట్టి లాగి, అమ్మను కదిపితే వీపు చీరేస్తానంది. పలకరించడానికి వచ్చిన పొరుగింటావిడను గుమ్మంలోనే ఆపి, సాయంత్రం రమ్మని పంపేసింది. కొడుకు ఒకసారి తొంగి చూశాడు. ఆమె కదలకుండా పడుకుంది. ఎన్నేళ్ల నిద్ర బాకీ ఉందో పాపం, అనుకుంటూ తలుపు దగ్గరగా వేశాడు.

అత్త కోడలి పనులు ఒక్కొక్కటే అందుకుంది. అంట్లు తోమింది. వసారా ఊడ్చింది. ఎండ నడినెత్తికి వచ్చాక కోడలి గదిలోకి వెళ్లింది. తల్లీపిల్లా రాత్రి పడుకున్న పక్క ఇంకా నేలమీద పరిచే ఉంది.

దుప్పటి ఉతకడానికి తీద్దామని దిండు ఎత్తేసరికి, దాని కింద చుట్ట చుట్టుకుని ఉన్న కట్లపాము బద్ధకంగా కదిలి గోడవారకు పాకింది.