తెగని కూత

రాత్రి ఆత్మకూరు కాలేజీ స్టాఫ్ రూములో లెక్చరర్ రేణుకాదేవి ఒక్కతే ‘క్రీడలు, సమాజం’ పేపర్లు దిద్దుతోంది. ఆడపిల్లలు ఆటలు ఎందుకు మానేస్తున్నారన్న ప్రశ్నకు అందరూ ఒకటే రాశారు. పెళ్లి, నిక్కర్లు, ఊళ్లో మాటలు.

బయట మైదానంలో కబడ్డీ కూత మొదలైంది. ఆడపిల్ల గొంతు. ఎన్ని పేపర్లు దిద్దినా ఆ కూత ఊపిరి తీసుకోవడానికైనా ఆగలేదు.

వాచ్‌మన్ తిరుపాలు టార్చితో వచ్చాడు. "గ్రౌండంతా తిరిగినాను మేడం. ఎవురూ లేరు. కూత మాత్రం ఉండాది."

అప్పుడు ఆమె ఆ గొంతును గుర్తుపట్టింది. పదో తరగతిలో, ఉదయగిరి కబడ్డీ ఫైనల్లో, తను ముగ్గుర్ని తాకి వెనక్కి వస్తుంటే నాయన కోర్టులోకి వచ్చి జుట్టు పట్టి ఇంటికి ఈడ్చుకెళ్లాడు. ఆమె ఆట అక్కడితో ఆగిపోయింది. ఆ గొంతు తనదే.

రేణుకాదేవి కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "నడిగీత ముందరే ఉండాది! దూకు!"

కూత ఆగింది. ఖాళీ మైదానంలోంచి ఆడపిల్లల ఈలలు, కేకలు ఎగిసిపడ్డాయి.

తిరుపాలు టార్చి ఆమె కాళ్ల మీదికి తిప్పాడు. "మేడం, మీ కాళ్లు..."

ఆమె కిందికి చూసుకుంది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. రొప్పుతూనే, నవ్వుతూ మూడు వేళ్లు పైకెత్తింది.

"మూడు పాయింట్లు, తిరుపాలన్నా. నావే."