సాంబారులో ఉప్పు

ఎనభై రెండులో ఉత్తరాది ఊరు ఆదిత్యపూర్‌లో కొత్త ఫ్యాక్టరీ షెడ్లు లేచేసరికి నూకమ్మ టిఫిన్ హోటల్లో కూర్చోడానికి చోటు లేకపోయింది. వరసకి మేనకోడలైన పద్మకుమారిని పనిలో పెట్టుకుని, "ఇంక పొయ్యి నీదే. నాను గల్లా కాడ కూకుంతాను" అంది.

అంది గానీ చెయ్యి ఊరుకోలేదు. పద్మకుమారి నీళ్లకి వెళ్లినప్పుడల్లా సాంబారు మూత తీసి, పిడికెడు ఉప్పు వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. జనం బాగుందంటే తన చేతి మహిమే అనుకునేది.

ఒకరోజు పద్మకుమారి ఎవరితోనో "మాయత్త నన్ను నమ్మి పొయ్యి నాకే ఒగ్గీసింది" అని గొప్పగా చెబుతుంటే వింది. తల కొట్టేసినట్టయింది. మర్నాడు మూత ముట్టుకోలేదు.

"నమక్ కహాఁ హై, మౌసీ?" అంటూ షిఫ్టుకి పోయేవాళ్లు ఉప్పేదని బల్లలు బాదారు.

నూకమ్మ భగ్గుమంది. "ఉప్పెయ్యడం కూడా రాదేటే నీకు? నలుగుర్లో నా పరువు తీసీసినావు! నిన్ను నమ్మినాను సూడు, నాదీ బుద్ధి తక్కువ!"

పద్మకుమారి ఉప్పు కలిపి అందరికీ మళ్లీ వడ్డించింది.

హోటలు ఖాళీ అయ్యాక గిన్నెలు తోముతూ, తలెత్తకుండానే అంది:

"మొదటి రోజే సూసినానత్తా. నువ్వేసినావని నానెయ్యనేదు. అప్పట్నుంచీ అంతే. అందరి ముందరా సెప్తే నీకు సిన్నతనమని ఊరుకున్నాను."



పద్మకుమారి చేతులు తుడుచుకుని, ఉప్పు డబ్బా తెచ్చి గల్లా మీద, ఇద్దరి మధ్యా పెట్టింది.

"రేపు ఎవులెయ్యాలత్తా?"