ఎడమ పాయలో మేట

"ఇవాళైనా నోరు విప్పుతావా?" రేవులో టికెట్ల కిటికీలోంచి సరంగు తల్లి అడిగింది. "నీ పెళ్లయ్యేలోపు ఈ నదే ఇంకో నాలుగు దారులు మార్చేలా ఉంది."

లాంచీ నడిపే ఆ సరంగు కట్టుతాడు విప్పి లాంచీ ఎక్కాడు.

సర్వే ఇంజనీరు అప్పటికే వెనక బల్ల మీద కూర్చుంది. ఇంకెవరూ లేరు. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేటల్నీ, వాటి మధ్య పాయల్నీ కొలవడానికి వచ్చిన మనిషి. పని నిన్నటితో అయిపోయింది. ఇవాళ అవతలి ఒడ్డున బస్సెక్కితే మళ్లీ రాదు.

రేవు దాటడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఇన్నాళ్లూ అతను మనసులో మాట చెప్పలేకపోయాడు. అందుకే ఇవాళ ఎవరూ వెళ్లని ఎడమ పాయలోకి చుక్కాని తిప్పాడు. మొన్న గెడ వేసి మరీ లోతు చూసుకున్న మేట అక్కడుంది. ఇరుక్కుంటే సముద్రపు పోటు వచ్చి నీళ్లు పెరిగేదాకా కదిలే పని లేదు.

అనుకున్నదానికంటే కాస్త ముందే లాంచీ కుదుపుతో ఆగింది. వెంటనే ఇంజను ఆపేశాడు.

"అయ్యో, మేటండీ," అన్నాడు, ముఖం వీలైనంత దిగాలుగా పెట్టి.

"గెడతో నెట్టి చూడండి."

"లాభం లేదండీ, బాగా దిగబడింది. పోటు రావాల్సిందే."

"రానివ్వండి," అంటూ ఆమె తడి చేతులు రుమాలుకు తుడుచుకుంది.

అతను ఎదురుగా కూర్చుని మేటల గురించి అందుకున్నాడు. మేట పెరిగితే పాయ ఇరుకవుతుంది, ఇరుకైతే నీటికి ఉరవడి వస్తుంది, ఆ ఉరవడే ఓ రోజు మేటను కోసేస్తుంది... ఇదంతా ఎవరికి చెబుతున్నాడో గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వింది. ఒడ్డు మీది దీపస్తంభం మెల్లగా పక్కకు జరిగినట్టనిపించింది. తన తలే తిరుగుతోందనుకున్నాడు.

"మీరు ఇక్కడే ఉండిపోతే..."

"ఉండిపోయి?"

"నన్ను పెళ్లి చేసుకుంటే..."

"అప్పుడు కూడా టికెట్ కొనాలా?"

"మా అమ్మ కిటికీలో కూర్చున్నంతకాలం కొనాల్సిందేనండీ."

"సరే, కొంటాను. ఇక ఇంజను వేయండి."

"పోటు ఇంకా రాలేదండీ," అన్నాడు, ఒంట్లో బరువంతా ఎటో పోయి.

"వేసి చూడండి."

అతను అటు తిరగ్గానే, నిన్న తాను కొలిచినప్పటికే ఆ మేట ఆనవాలైనా లేకుండా కొట్టుకుపోయిందన్న మాట చెప్పకుండా, ఆమె వెనక్కి వంగి, ఇందాక తానే నీళ్లలోకి జారవిడిచిన లంగరును చప్పుడు కాకుండా పైకి లాగింది.