బండి చాలూ అయితలేదు

"మళ్ల అదే కాకా. చావి తిప్పితే టక్ టక్ అంటున్నది, బండి చాలూ అయితలేదు," అంది సాయలి, కారు మీది కవరు లాగేస్తూ.

నాగనాథ్ సంచి కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. బండి స్టార్టయితే మరాఠీ మాటలో ‘చాలూ అయింది’ అనే మహారాష్ట్ర సరిహద్దు ఊరు ధర్మాబాద్‌లో ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాడు. ఈమధ్య పొద్దున ఏడింటికే ఒళ్లు బరువెక్కుతోంది. మూడు వారాల్లో ఈ రేకుల షెడ్డుకు రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి టెర్మినళ్లకు పట్టిన తెల్లపొడి గీకాడు. రెండోసారి కొత్త బ్యాటరీ వేశాడు. మూడోసారి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూశాడు, అది పద్నాలుగు వోల్టులు నిక్షేపంగా ఇస్తోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు జనం ప్రతిదానికీ బ్యాటరీనే తిడతారు గానీ, ఈ బండిలో దాని పాపం ఏమీ లేదు. అది తెలిసీ అసలు జబ్బు దొరకకపోవడం ఆయనకు నామోషీగా ఉంది.

"పదకొండు గంటలకు నాందేడ్‌ల ఆయీ నంబరు. పోయిన శుక్రారం గిట్లనే తప్పింది. ఇంకోసారి తప్పితే ఊపిరితిత్తులకు నీళ్లు ఎక్కుతయి, పానం మీదికి అస్తదని డాక్టర్ చెప్పిండు."

ఆయీ అంటే సాయలి అత్త సుందరబాయి. కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. కొడుకు నిలేశ్‌ది రైల్వే డ్యూటీ, ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ ఉంటాడు. డెబ్బై కిలోమీటర్లు తీసుకెళ్లడం, తీసుకురావడం కోడలి పనే.

"నిలేశ్ ఏమంటుండు?"

"నేనే ఏదో లైట్ మర్చిపోతున్ననంట. ఫోన్‌ల ఒకటే లొల్లి. మూడుసార్లు చూసి తాళం ఏస్తున్న కాకా, దేవుని మీద ఒట్టు." ఆమె కవరు చుట్టి మూలకు పడేసింది. "పాపం, ఆయీకి కూడ ఎంత రంది! చావి తిప్పుతుంటే పక్కకు నిలబడి చాలూ, చాలూ అంటది. బండి చాలూ అయితే బాగుండునని. ఇంటుంటే నాకు ఏడుపస్తది."

"అక్కది తెలుగే గద. నీతోని తెలుగుల మాట్లాడదా?"

"లేదు. నేను పర్భణి నుంచి కొత్తగ అచ్చినప్పుడు నాకు తెలుగు రాకుండె. నా కోసం మరాఠీల మాట్లాడింది. ఇప్పుడు నాకు అచ్చింది గని, ఇంట్ల అదే అలవాటైంది."

నాగనాథ్‌కు ఆ పిల్లను చూస్తే జాలేసింది. ఇరవై ఆరేళ్లకే కళ్ల కింద నల్ల చారలు. లేచి, దుకాణం నుంచి తెచ్చిన చార్జ్ చేసిన బ్యాటరీని బిగించాడు.

"బండి పండుకున్నంక ఎక్కడ్నో కరెంటు కారుతున్నది బిడ్డా. ఇయ్యాల పట్టుకుందాం. తలుపులన్ని మూయి."

తీగ ఒకటి ఊడదీసి మధ్యలో మీటరు పెట్టాడు. అంకె చూసి కనుబొమలు ఎగరేశాడు. నిద్రపోయే బండి తినాల్సిన దానికి ఇది పదింతలు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఆరో ఫ్యూజు పీకగానే అంకె పడిపోయింది.

"లోపలి దీపాల ఫ్యూజు," అని దాన్ని మళ్లీ పెట్టి అద్దంలోంచి తొంగి చూశాడు. వెనక సీటు పైన చిన్న దీపం వెలుగుతోంది.

"తలుపు మూస్తే ఆరిపోవాలె గద!" అంది సాయలి.

"దీపం మీట నడుమ ఉంటె ఆరిపోతది. గీ దిక్కు నూకితే మూసినా ఎలుగుతది. మూడు రోజులు కవరు కింద ఎలిగితే బ్యాటరీల ఏం మిగుల్తది? తలుపు తెరిస్తే ఎట్లనన్న ఎలుగుడే గద, అందుకే మనకు అనుమానం రాలే. ఎనక ఎవరు కూసుంటరు?"

"ఆయీ ఒక్కతే."

"గంతే మరి. దిగేటప్పుడు పట్టు కోసం చెయ్యి పెడితే తాకి ఉంటది."

సాయలి నవ్వింది, వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మీటను ఫోటో తీసి నిలేశ్‌కు పంపింది. తన తప్పు లేదని తేలడం ఆమెకు పెద్ద ఊరట. నాగనాథ్ బల్బునే ఊడబీకి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

కోడలి భుజం పట్టుకుని సుందరబాయి వచ్చింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఎడమ చేతి మీద సూది పోట్లు, పాతవీ కొత్తవీ కలిసిపోయాయి.

"అక్కా, ఇగ ఫికర్ లేదు. జబ్బు దొరికింది," అన్నాడు నాగనాథ్, బల్బు చూపిస్తూ. "ఇగ నీకు ఒక్క నంబరు గూడ తప్పది."

సుందరబాయి ఆ బల్బు వంక చూసింది. తర్వాత వెనక సీటు పైన ఖాళీ అయిన గుంట వంక చూసింది. ఆమె కళ్లు నిండాయి. వడ్డిస్తున్న వాళ్లను వారించేటప్పుడు విస్తరి మీద అడ్డం పెట్టినట్టు, చెయ్యి ముందుకు చాపింది.

"చాలు," అంది.

"అవ్ ఆయీ, చాలూ అయింది!" అంటూ సాయలి సంబరంగా ఆ చెయ్యి పట్టుకుని ఆమెను కార్లోకి ఎక్కించింది.

కారు గల్లీ మలుపు తిరిగిపోయింది. నాగనాథ్ బల్బు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఆమె ఇన్నాళ్లూ ఆ మాట అంటున్నది తెలుగులో.