నోరున్న బండి

“యాడుండావు?” ఫోన్లో అడిగాడు కేశవ.

“హిందూపురంలో. షాపులో చీరలు చూపిస్తాండా. మళ్లీ చేస్తా,” అంది అతని భార్య గీతాంజలి.

ధర్మవరంలో తమ చీరల కొట్లో కూర్చున్న కేశవ ఫోన్ తెర మళ్లీ చూశాడు. ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఫోన్లో ఒక యాప్ వేసిచ్చారు. కారు ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఛార్జింగు ఎంత మిగిలింది, అన్నీ అందులో కనిపిస్తాయి. ఇప్పుడు కారు హిందూపురంలో లేదు. దారిలో పెనుకొండలో ఉంది.

పోయిన గురువారమూ అక్కడే ఉంది. ప్రతి గురువారం కారులో చీరల మూటలు వేసుకుని హిందూపురం పోయేది గీతాంజలి. మిగతా రోజులు కారు కేశవదే.

వేలితో తెర జరిపాడు. డ్రైవరు బెల్టు పెట్టి ఉంది. పక్క సీటు బెల్టు కూడా పెట్టి ఉంది.

మళ్లీ ఫోన్ చేశాడు. “నీతో ఎవరన్నా వచ్చినారా?”

“ఎవరొస్తారు? ఒక్కదాన్నే వచ్చినా. ఏం, ఇన్నిసార్లు చేస్తాండావు?”

“ఊరికే.”

కొట్టు పక్కవాళ్లకు అప్పగించి బైకు తీశాడు. దారి పొడుగునా ఒకే మొహం కళ్లముందు ఆడింది. హిందూపురం షాపు ఓనరు వేణుమాధవ్. ‘మీ మేడమ్ సెలెక్షనే వేరప్పా’ అని పదిమందిలో నవ్వుతూ అన్నవాడు. ఆ రోజు కేశవ కూడా నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

పెనుకొండ చేరాక బైకు ఆపి ఫోన్ చూశాడు. కారు కొండ కింద ఖాళీ లేఅవుట్లో ఉంది. మనిషి నడిచేంత వేగంతో తిరుగుతోంది. ఆగుతోంది. వెనక్కి పోతోంది. మళ్లీ తిరుగుతోంది.

‘వానికి డ్రైవింగ్ నేర్పిస్తాందా? నా కారుతోనా?’

లేఅవుట్లో ఇళ్లు లేవు, నాటిన రాళ్లే. తెల్ల కారు చప్పుడు లేకుండా ఎదురొచ్చింది. అద్దం మీద ఎండ పడి లోపలివాళ్లు కనిపించలేదు. కేశవ బైకు అడ్డం పెట్టి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. కారు ఆగింది.

“దిగురా బయటికి!” అని అరిచాడు.

డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది. ముందు తోలు చెప్పు, తర్వాత తెల్ల పంచె. స్నేహితుణ్ణి చూసొస్తానని పొద్దున్నే బస్సెక్కిన నాయన జయరాముడు దిగాడు.

“ఎవర్నిరా ‘రా’ అంటాండావు?”

కేశవ చేతులు కిందికి జారాయి. “నాయనా... నువ్వా?”

“నేనే. ఏం, నేను నడపకూడదా?”

జయరాముడు వయసంతా టాక్సీ నడిపినవాడు. కంటి ఆపరేషన్ అయినప్పుడు, ఇంక స్టీరింగ్ ముట్టుకోవద్దని తాళాలు తీసుకుంది కేశవే. కళ్లు బాగా కుదురుకున్నాయని తర్వాత డాక్టరు చెప్పినా తిరిగివ్వలేదు.

“నువ్వు ఇయ్యవని నా కోడల్ని అడిగినా,” అన్నాడు జయరాముడు. కోపం నిలవక మొహంలో సంబరం పొంగింది. “ఏం బండిరా ఇది! మా కాలంలో చలికి స్టార్టు కాకుంటే చోకు లాగి, హ్యాండిలు తిప్పి, భుజాలు పడిపోయేవి. దీనికి ఇంజనే లేదంట. గేరు మార్చే పని లేదు. యాక్సిలేటర్ మీద కాలు తీస్తే చాలు, అదే నిదానమైపోతాది. నా ఎడమకాలు మాత్రం ఇంకా క్లచ్ కోసం దేవులాడతాండాది.”

పక్క సీట్లోంచి గీతాంజలి దిగింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, భయమూ లేదు. భర్తనే చూస్తోంది.

“మరి హిందూపురంలో ఉండానని ఎందుకు చెప్తివి?” గొణిగాడు కేశవ.

“నిజం చెప్తే మామ చేతిలోంచి స్టీరింగ్ లాక్కుంటావని.”

“ఈనికెట్ల తెలిసిందమ్మా మనం ఈడుండామని?” అడిగాడు జయరాముడు.

“కారే చెప్తాది మామా. ఫోన్లో కనపడతాది.”

“అబ్బ! మేము నడిపేటప్పుడు బండి యాడికి పోయిందో డ్రైవరుకు తప్ప దేవునిక్కూడా తెలిసేది కాదు. ఇది నోరున్న బండి!” నవ్వుకుంటూ జయరాముడు మొహం కడుక్కోవడానికి రోడ్డు పక్క కుళాయి దగ్గరికి నడిచాడు.

కేశవకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. “తప్పయింది గీతా. ఏందేందో అనుకుంటి. ఇంక నాయన రోజూ నడపనీ. నేనే నేర్పిస్తా.”

“సంతోషం.”

“కోపం పోయిందా?”

“నాకు కోపమేముంది? నువ్వు అడిగినావు, నేను చెప్పినా.” గీతాంజలి చీర కుచ్చెళ్ల దుమ్ము దులుపుకుని, మామ దూరంగానే ఉన్నాడని చూసి గొంతు తగ్గించింది. “ఆ యాప్ నా ఫోన్లో కూడా ఉండాది. ఇంగ నువ్వు చెప్పు, అనంతపురం పోతాండానని బయల్దేరిన ప్రతి సోమవారమూ ఈ కారు తాడిమర్రిలో ఎవరింటి ముందర నిలబడతాది?”